రెండు వందల ఒకటవ యూనిట్



బియ్యం కిలోల్లో తూచి కొంటాం. నూనె లీటర్లలో కొంటాం. పాలు గ్లాసుతో కొలిచి పోయించుకుంటాం. కరెంటు ఒక్కటే కొలవకుండా వాడుకుంటాం. బిల్లు తీసే మనిషి నెలకొకసారి వచ్చి చీటీ చేతిలో పెట్టినప్పుడు గాని ఎంత వాడామో మనకు తెలియదు. అప్పటికి నెల గడచిపోయి ఉంటుంది, దిద్దుకోవడానికి వీలుండదు.

వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూలు ప్రాంతాల్లో మన కుటుంబాలు చాలా వరకు కూలి మీద, చిన్న జీతం మీద, వానను నమ్ముకున్న సేద్యం మీద బ్రతుకుతున్నవి. పాలమూరు కూలీలు అన్న పేరుతో పూనా, బొంబాయి దాకా వలస పోయిన ఇండ్లు మనలో ఎన్నో ఉన్నాయి. అటువంటి ఇంటికి నెలలో అనుకోకుండా వెయ్యి రూపాయలు ఎక్కువైతే, ఆ వెయ్యి పిల్లల ఫీజు నుంచో, మందుల నుంచో, వడ్డీ వ్యాపారి దగ్గరి నుంచో రావాలి. అందుచేత ఈ వారం కరెంటు బిల్లును, గ్యాసు ఖర్చును పాఠంలాగ చదువుకుందాం. ఒక చేతిలో మీ ఇంటి బిల్లు, ఇంకో చేతిలో పెన్సిలు పట్టుకొని చదివితే ఎక్కువ ప్రయోజనం.

యూనిట్ అంటే ఏమిటి?

వేయి వాట్ల పరికరం ఒక గంట పనిచేస్తే ఒక యూనిట్ కాలుతుంది. ఇంతకు మించి లెక్క లేదు. తొమ్మిది వాట్ల ఎల్ఈడీ బల్బు ఒక యూనిట్‌తో నూట పదకొండు గంటలు వెలుగుతుంది. పాత అరవై వాట్ల బల్బు అదే యూనిట్‌ను పదహారు, పదిహేడు గంటల్లో తినేస్తుంది. రెండు వేల వాట్ల గీజరు అరగంటలో ఒక యూనిట్ మింగుతుంది. నీళ్ళు కాచుకునే రాడ్డు పదిహేను వందల వాట్లదైతే నలభై నిమిషాలకు ఒక యూనిట్. ప్రతి పరికరం వెనుకో, అడుగునో వాట్లు రాసి ఉంటాయి. ఒకసారి పిల్లల చేత అన్నీ ఒక కాగితం మీద రాయించండి. ఎనిమిదో తరగతి పిల్లవాడు చేయగల లెక్క ఇది.

మెట్ల లెక్క

యూనిట్లన్నిటికీ ఒకే ధర అయితే పాఠం ఇక్కడితో అయిపోయేది. కాని ధర మెట్లుగా పెరుగుతుంది. తెలంగాణలో 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన రేట్లు చూడండి. నెలకు వంద యూనిట్లలోపు వాడే ఇంటికి మొదటి 50 యూనిట్లు రూ. 1.95 చొప్పున, తర్వాతి 50 యూనిట్లు రూ. 3.10 చొప్పున. వంద దాటి రెండు వందల లోపు వాడితే మొదటి వందకు రూ. 3.40, రెండో వందకు రూ. 4.80. రెండు వందలు దాటితే మొదటి యూనిట్ నుంచే రేటు మారిపోతుంది: మొదటి రెండు వందలకు రూ. 5.10, ఆపై మూడు వందల దాకా రూ. 7.70, ఆ పైన ఇంకా ఎక్కువ.

ఇప్పుడు లెక్క కట్టండి. సరిగ్గా 200 యూనిట్లు వాడిన ఇంటికి కరెంటు ఖరీదు రూ. 820. ఒక్క యూనిట్ ఎక్కువై 201 వాడిన ఇంటికి రూ. 1,027.70. ఆ ఒక్క యూనిట్ ఖరీదు రూ. 207.70 అన్నమాట. స్థిర చార్జీ, కస్టమర్ చార్జీ, సుంకం వీటికి అదనం. రేట్లను విద్యుత్ నియంత్రణ మండలి మార్చినప్పుడు అంకెలు మారవచ్చు గాని మెట్లు ఉన్నంత కాలం ఈ పాఠం మారదు.

గృహజ్యోతి పథకం వచ్చాక ఈ మెట్టు మరింత ఎత్తయింది. 2024 ఫిబ్రవరి 27న మొదలైన ఆ పథకం క్రింద, ఆహార భద్రత కార్డు గల అర్హులైన కుటుంబాలకు నెలకు 200 యూనిట్ల వరకు బిల్లు లేదు. ఆ మార్చి నుంచే జీరో బిల్లులు చేతికి వచ్చాయి. అయితే 200 దాటిన నెలలో మొత్తం బిల్లు కట్టవలసిందే. అంటే అర్హత గల ఇంటికి రెండు వందల ఒకటవ యూనిట్ వెయ్యి రూపాయలకు పైగా ఖరీదు చేస్తుంది.

ఒక ఇంటి ఎండాకాలం

ఒక మామూలు ఇంటిని ఊహించుకోండి. మూడు పాత సీలింగు ఫ్యాన్లు, ఒక్కొక్కటి 75 వాట్లది. మే నెలలో రోజుకు పదహారు గంటలు తిరిగితే ముప్పై రోజులకు 108 యూనిట్లు. 180 వాట్ల కూలరు రోజుకు ఎనిమిది గంటలు వాడితే 43. ఫ్రిజ్ సుమారు 30. టీవీ అయిదు గంటల చొప్పున 12. నీళ్ళ మోటారు అరగంట చొప్పున 11. నాలుగు ఎల్ఈడీ బల్బులు 5. మిక్సీ, ఇస్త్రీ, సెల్‌ఫోన్ చార్జింగు కలిపి 10. మొత్తం 219. కరెంటు ఖరీదు రూ. 1,166.30.

ఇందులో దుబారా ఎక్కడుంది? ఎక్కడా లేదు. ఎండాకాలం ఫ్యాను లేకుండా ఎవరుండగలరు? అయినా ఆ ఇల్లు మెట్టు దాటింది.

ఇప్పుడు ఎక్కువ సేపు తిరిగే ఒక ఫ్యానును మార్చి, ముప్పై వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాను పెట్టారనుకోండి. నెలకు ఇరవై ఒకటి, ఇరవై రెండు యూనిట్లు తగ్గి 197కు వస్తుంది. మెట్టు క్రిందికి దిగినట్టే. అర్హత గల ఇంటికి బిల్లు సున్నా. అర్హత లేని ఇంటికి కూడా బిల్లు రూ. 805.60కి తగ్గుతుంది, అంటే రూ. 360 మిగులు. ఆ ఫ్యాను ధర సుమారు రెండున్నర, మూడు వేలు. రెండో ఏడు ఇంకొకటి మార్చగలిగితే నిశ్చింతగా ఉండవచ్చు.

దీనికి తోడు ప్రతి ఆదివారం ఒకసారి మీటరు చూసి క్యాలెండరు మీద అంకె రాసుకోండి. వారానికి 46 యూనిట్లకు మించకపోతే ముప్పై రోజులకు 200 దాటదు. మూడో వారంలో ఎక్కువ కనబడితే నాలుగో వారంలో తగ్గించుకొనే అవకాశం మన చేతిలో ఉంటుంది.

ఒక హెచ్చరిక. పొదుపు పేరుతో ముసలివారి గదిలో ఫ్యాను ఆపకండి. పిల్లలు వలస పోగా ఇంట్లో ఒంటరిగా మిగిలిన అవ్వ, తాత బిల్లుకు భయపడి మధ్యాహ్నపు ఎండలో ఫ్యాను కట్టేసుకొని కూర్చుంటారు. వడదెబ్బ తగిలితే ఆసుపత్రి ఖర్చు ఏడాది కరెంటు బిల్లును మించిపోతుంది, ప్రాణం సంగతి అటుంచి. తగ్గించవలసింది రాడ్డును, గీజరును, ఎవరూ లేని గదిలో తిరిగే ఫ్యానును.

ఒకే మీటరు, మూడు కుటుంబాలు

ఇప్పుడు ఇల్లు అద్దెకిచ్చే పాఠకులతో ఒక మాట. ఒకే మీటరు మీద మూడు పోర్షన్లు ఉన్నాయనుకోండి. ఒక్కొక్క కుటుంబం 90 యూనిట్లు వాడుతుంది. చాలా తక్కువ వాడకం. అయినా మీటరు మీద 270 కనబడుతుంది. ఖరీదు రూ. 1,559. తలా రూ. 520 దాకా పడుతుంది. అదే మూడు మీటర్లు వేరుగా ఉంటే ఒక్కొక్క ఇంటికి రూ. 221.50 మాత్రమే. కార్డు ఉన్న అద్దెదారుకు అసలు బిల్లే రాదు, ఎందుకంటే గృహజ్యోతి అద్దెకున్నవారికి కూడా వర్తిస్తుంది.

అంటే ఎవరి తప్పూ లేకుండానే బీదవాడు ధనికుని రేటు కడుతున్నాడు. ఇక సబ్ మీటరు పెట్టి యూనిట్‌కు ఎనిమిది, పది రూపాయలు వసూలు చేసే యజమానులు కొందరుంటారు. బిల్లులో లేని ధరను అద్దెదారు దగ్గర తీసుకోవడం న్యాయమా అని ఎవరికి వారు ఆలోచించుకోవాలి. వేరు వంటగది, వేరు ద్వారం ఉన్న పోర్షనుకు ప్రత్యేక కనెక్షను కోసం దరఖాస్తు పెట్టవచ్చు. యజమాని ఒక సంతకం చేస్తే చాలు, ఒక కుటుంబానికి నెలకు మూడు వందలు మిగలవచ్చు. ఏడాదికి ఒక బిడ్డ బడి పుస్తకాలు, బట్టలు వస్తాయి. మన విచారణలో బీదలకు సహాయం చేయడానికి చందా వేయడం మంచిదే. ఈ సంతకానికి చందా కూడా అక్కరలేదు.

గ్యాసు బండ

1999లో దీపం పథకం, 2016లో ఉజ్జ్వల పథకం వచ్చి కట్టెల పొయ్యి నుంచి ఎందరో తల్లులను బయటికి తెచ్చాయి. కాని బండ ధర నిలకడగా లేదు. హైదరాబాదులో 14.2 కిలోల బండ 2023 మార్చిలో రూ. 1,155 దాకా ఎక్కింది. ఆ ఆగస్టు చివర రూ. 200, 2024 మార్చిలో రూ. 100 తగ్గి రూ. 855కు వచ్చింది. 2025 ఏప్రిల్‌లో మళ్ళీ రూ. 50 పెరిగింది.

గృహజ్యోతితో పాటే మొదలైన మహాలక్ష్మి పథకం క్రింద అర్హులకు బండ రూ. 500కే పడుతుంది. ఎన్ని బండలకు అన్నది ఆ ఇంటి గత మూడేండ్ల సగటు వాడకాన్ని బట్టి ఉంటుంది. ఇందులో ఒక చిక్కు ఉన్నది. ముందు పూర్తి ధర కట్టాలి, తర్వాత మిగతా సొమ్ము బ్యాంకు ఖాతాలో పడుతుంది. చేతిలో పూర్తి డబ్బు లేని ఇల్లాలు బండ బుక్ చేయలేక మళ్ళీ కట్టెలు, పొగ వైపు పోతుంది. ఆ పొగ ఆమె ఊపిరితిత్తుల్లోకే పోతుంది.

దీనికి సులభమైన ఉపాయం ఉన్నది. ఖాతాలో పడిన రాయితీని ఇతర ఖర్చుల్లో కలపకుండా రాబోయే బండ కోసమే ఉంచండి. దానికి వారానికి వంద రూపాయలు జోడిస్తే అయిదారు వారాల్లో బండ సొమ్ము సిద్ధమవుతుంది. రాయితీ పడకపోతే ఆధార్ ఏ ఖాతాకు జతపడి ఉన్నదో బ్యాంకులో అడగండి. చాలాసార్లు సొమ్ము మనం మరచిపోయిన పాత ఖాతాలో పడి ఉంటుంది.

బిల్లు పేరుకుపోతే

నూటికి మూడు రూపాయల వడ్డీ అంటే చిన్నదిగా వినబడుతుంది గాని ఏడాదికి ముప్పై ఆరు. అయిదు రూపాయలంటే అరవై. కరెంటు బిల్లు కోసం డైలీ ఫైనాన్సు దగ్గర అప్పు చేస్తే బిల్లు పోతుంది, అప్పు మిగులుతుంది. ముందుగా విద్యుత్ కార్యాలయానికి వెళ్ళి వాయిదాల మీద కట్టనివ్వమని రాతపూర్వకంగా అడగండి. 2003 విద్యుత్ చట్టం 56వ సెక్షను ప్రకారం, బకాయి కోసం కరెంటు తీసేయాలంటే పదిహేను రోజుల రాతపూర్వక నోటీసు ఇవ్వాలి. బిల్లు తప్పని మీరు అనుకుంటే, అడిగిన సొమ్ము గాని గత ఆరు నెలల సగటు గాని, ఏది తక్కువైతే అది, అభ్యంతరం తెలుపుతూ కట్టి కరెంటు నిలుపుకోవచ్చు. ఫిర్యాదుకు 1912 నంబరు ఉన్నది. అక్కడ తేలకపోతే పంపిణీ సంస్థలోనే వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదిక ఉన్నది.

అర్హత ఉండీ జీరో బిల్లు రానివారు కార్డు, ఆధార్, పాత బిల్లు పట్టుకొని మండల పరిషత్తు లేక మునిసిపల్ కార్యాలయంలోని ప్రజాపాలన సేవా కేంద్రంలో అడగాలి. చదువు రాని పెద్దలకు తోడుగా విచారణ యువకులు ఒకరిద్దరు వెళ్ళితే పని త్వరగా అవుతుంది.

మూడు, నాలుగు వందల యూనిట్లు వాడే సొంత ఇండ్లవారు పైకప్పు సౌర పలకల గురించి ఆలోచించవచ్చు. 2024 ఫిబ్రవరిలో మొదలైన కేంద్ర పథకం క్రింద ఒక కిలోవాటుకు రూ. 30,000, మూడు కిలోవాట్లకు రూ. 78,000 రాయితీ ప్రకటించారు. ఒక కిలోవాటు పలకలు రోజుకు సుమారు నాలుగు యూనిట్లు ఇస్తాయి. నాగర్‌కర్నూలు జిల్లా వంగూరు మండలంలోని కొండారెడ్డిపల్లిలో ఊరి ఇండ్ల మీద పలకలు అమర్చారు. చూసి రావాలనుకునేవారికి అది దూరమేమీ కాదు. జీరో బిల్లు వచ్చే ఇంటికి మాత్రం దీనికోసం అప్పు చేయవలసిన పని లేదు.

ఈ వెలుగు ఎక్కడిది?

గద్వాల, ఆత్మకూరుల మధ్య కృష్ణ మీద ఉన్న జూరాలలో 234 మెగావాట్ల కేంద్రం ఉన్నది. దిగువన శ్రీశైలం ఎడమగట్టున 900 మెగావాట్ల భూగర్భ కేంద్రం ఉన్నది. శ్రీశైలం జలాశయం కోసం కొల్లాపూర్ ప్రాంతపు ఊళ్ళు నీట మునిగాయి. 2020 ఆగస్టు 20 రాత్రి ఆ భూగర్భ కేంద్రంలో మంటలు చెలరేగి తొమ్మిది మంది చనిపోయారు. మనకు బిల్లు రాకపోయినా ఈ కరెంటుకు ఎవరో ఒకరు వెల కట్టారు. దివంగత జగద్గురువులు ఫ్రాన్సిస్ పాపుగారు 2015 నాటి తమ ‘లౌదాతో సీ’ విశ్వలేఖలో, అక్కరలేని దీపాలు ఆర్పడం వంటి చిన్న పనులను కూడా ప్రస్తావించడం ఇందుకే తగి ఉన్నది.

కుటుంబంలో చర్చించుటకు

1. మన ఇంట్లో గత మూడు నెలల్లో ఎన్ని యూనిట్లు వాడాం? ఏ నెల 200కు దగ్గరగా వచ్చింది?
2. ఎక్కువ సేపు తిరిగే ఫ్యాను ఏది? దాని వాట్లెన్ని?
3. ఖర్చు తగ్గించాలన్నప్పుడు మన ఇంట్లో ముందుగా ఎవరు తమ అవసరం మానుకుంటున్నారు? అమ్మనా, అవ్వనా?
4. మన ఇంట్లో అద్దెకున్నవారు బిల్లులో ఉన్న ధరే కడుతున్నారా?
5. మన వీధిలో అర్హత ఉండీ జీరో బిల్లు రానివారు ఎవరున్నారు? వారితో కార్యాలయానికి ఎవరం వెళ్తాం, ఏ రోజు?

లూకా సువార్త 14వ అధ్యాయంలో గోపురం కట్టబూనిన మనిషి ఉపమానాన్ని ఈ చర్చకు ముందు చదువుకోండి. ఆ మనిషి మొదట చేయవలసిన పని కూర్చొని లెక్క చూసుకోవడం. వచ్చే ఆదివారం పూజ నుంచి ఇంటికి రాగానే మీటరు దగ్గరకు వెళ్ళి మొదటి అంకె రాసుకోండి.