శరదృతువున సూరతు సంత: కొనదగినవి, తినదగినవి

వర్షములు వెనుకబట్టి, తాపీనదిలో ఎఱ్ఱనీరు తేరుకొను దినములలో సూరతు కూరగాయల సంతలకు క్రొత్త కళ వచ్చును. సహారా దర్వాజా చెంతనున్న సర్దార్ మార్కెట్టునకు చేరిన సరకు అచ్చటినుండి ఉధనా, లింబాయతు, డిండోలి పేటల తోపుడుబండ్లకు ప్రాకును. ఈ పేటలలో మరమగ్గముల పనికై తెలంగాణమునుండి వచ్చి స్థిరపడిన పద్మశాలీ కుటుంబములు వేలకొలది కలవు. వీరి బిడ్డలకొఱకు నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమమున పాఠశాలలను సైతము నడపుచున్నది. పండ్రెండు గంటల పాళీలలో మగ్గముకడ నిలిచి సంపాదించిన కూలిలో పండుగ ఖర్చునకు మిగులునది స్వల్పము. ఆ స్వల్పమును దేనికి వెచ్చించిన ఇంటిల్లిపాదికి మేలో తెలుపుటయే ఈ పాఠముయొక్క ఉద్దేశము.

ముందుగా పేర్ల చిక్కును విడదీయవలెను. గుజరాతీలు రతాళు అనునది ఊదారంగు పెండలము. ప్రక్కయింటి మరాఠీ ఇల్లాలు రతాళే అన్నచో అది చిలగడదుంప. ఆ చిలగడదుంపనే తెలంగాణము వారు కందగడ్డ అందురు. కోస్తావారికి కంద వేఱొక దుంప, దానిని గుజరాతీలు సూరణ్ అందురు. ఒకే సంతలో నాలుగు భాషలు వినవచ్చుచోట పేరు చెప్పుటకంటె వేలితో చూపి కొనుట క్షేమము. ఏ పేరున కొన్నను, పెండలమును కందను పచ్చిగా తినరాదు. బాగుగా ఉడికినగాని గొంతు దురద తప్పదు. డుమసు తీరమున ప్రసిద్ధమైన రతాళు పూరీ రుచికరమే కాని, మాటిమాటికి మరిగిన నూనెలో వేగినదానికంటె ఇంట ఉడికించిన దుంప మేలు.

సీతాఫలము ఈ ఋతువునకు రాణి. గుజ్జు పిల్లలకు బలకరము. గింజల విషయమున మాత్రము మెలకువ వలయును. పేలు చచ్చునని గింజలను నూఱి తలకు పట్టించు అలవాటు మనవారిలో ఇంకను పోలేదు. ఆ పొడి కంటబడినచో నల్లగ్రుడ్డుపై పుండ్లు పడి, దుర్భరమైన బాధ కలుగును, చూపు మందగించును. పొరపాటున పడినచో వెంటనే శుభ్రమైన నీటితో చాలసేపు కడిగి వైద్యునికడకు పోవలెను.

చెఱువులనుండి వచ్చు సింగాడాలను పిల్లలు పండ్లతో ఒలిచి తినుచుందురు. మలముతో కలుషితమైన నీటిలో పెరిగిన కాయల పొట్టుపై ప్రేవులలో నివసించు ఒక చదునుపురుగు పిల్లలు అంటుకొనియుండవచ్చును. పొట్టును పంటితో తాకక, కాయలను ఉడికించి ఒలిచినచో ఆ భయము లేదు. క్రొత్త వేరుసెనగ కాయలలో బూజు పట్టినవి, రంగు మారినవి, ముడుతలు పడినవి ఏరి పారవేయవలెను. ఆ బూజు పుట్టించు విషము కాలేయమునకు చెఱుపు. వేయించినంత మాత్రమున పూర్తిగా నశింపదు.

2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ననుసరించి, గుజరాతులో ఆఱు నెలలకు పైబడి అయిదేండ్లలోపు పిల్లలలో నూటికి దాదాపు 80 మందికి రక్తహీనత కలదు. ఇది ఏ తల్లియు తేలికగా తీసికొనదగిన అంకె కాదు. మన సద్దుల బతుకమ్మనాటి నువ్వుల సద్ది, పల్లీల సద్ది ఈ లోపమును కొంతవఱకు తీర్చగల ఆహారములు. నువ్వులలో ఇనుముతోబాటు కాల్షియము సమృద్ధిగా నున్నది. పిన్నబిడ్డలకు వీనిని మెత్తగా నూఱియే పెట్టవలెను. అయితే ధాన్యములలోని ఇనుము ఒంటబట్టుటకు సి విటమిను తోడు వలయును. ఈ దినములలో వచ్చు జామపండు, తరువాత వచ్చు ఉసిరికాయ అందుకు మిక్కిలి అనుకూలములు. నారింజకంటె జామలో ఆ విటమిను కొన్ని రెట్లు హెచ్చు, వెలయో తక్కువ. భోజనముతోడనే తేనీరు త్రాగినచో ఇనుము ఒంటబట్టదు, గంటసేపు ఆగవలెను. మగ్గపు పనివారికి ఈ మాట రుచింపదని ఎఱిగియే చెప్పుచున్నాము.

ఇక సూరతు పేరుతో పెనవేసికొన్న ఘారీ. శరత్పూర్ణిమ మఱునాడు, అనగా ఆశ్వయుజ బహుళ పాడ్యమినాడు, నగరమంతయు చాందనీ పడవో జరుపుకొనును. మేడలపైనను దారిప్రక్కలను కుటుంబములు చాపలు పఱచుకొని, వెన్నెలలో ఘారీని కారపు భూసుతో ఆరగించును. మనవారి అట్లతద్ది దీనికి రెండు దినముల తరువాతనే వచ్చును. మైదా పొరలో కోవా, పిస్తా, బాదము, ఏలకులు నింపి నేతిలో వేయించి, పైన మరల నేయి పట్టించుటచే ఘారీ అతి గరిష్ఠము. నలుగురు ఒక్కటి పంచుకొనుట చాలును. మధుమేహము కలవారు రుచి చూచుటతో తృప్తిపడవలెను.

పండుగనాళ్లలో కోవాకు గిరాకి పెరుగును, కల్తీయు పెరుగును. ఇంట ఘారీ చేయువారు కోవాను పరీక్షింపవచ్చును. చిటికెడు కోవాను నీటిలో మరిగించి, చల్లార్చి, అయోడిను చుక్క వేయుడు. నీలిరంగు వచ్చినచో పిండి కలిసినదని అర్థము. ఈ పరీక్ష విడి కోవాకే చెల్లును. సిద్ధమైన ఘారీపై చేసినచో మైదాయే నీలమగును. అంగడిలో విడిగా అమ్ము మిఠాయికి ఎన్నాళ్లలోపు తినవలెనో ఆ తేదీని చూపవలెనని 2020 అక్టోబరు 1 నుండి నిబంధన కలదు. అడుగుటకు సంకోచింపకుడు.

పూర్ణిమరాత్రి పాలలో అటుకులు వేసి వెన్నెలలో ఉంచి త్రాగు ఆచారము ముచ్చటైనది. కాని ఆశ్వయుజపు రాత్రి సూరతులో చల్లనిది కాదు. కాచిన పాలను రెండు గంటలకు మించి బయట ఉంచరాదు. పాత్రపై పలుచని వస్త్రము కప్పినను వెన్నెల తగులకపోదు.

ఈ జాగ్రత్తలు అతిశయమని తోచువారు 1994 సెప్టెంబరును స్మరింపవలెను. ప్లేగు భయముచే లక్షలాది జనులు ఈ నగరమును వీడిపోయిరి. ప్లేగు ఆహారమువలన వచ్చినది కాదు. కాని చెత్తకుప్పలను ఊరు ఎంతకాలము సహించినదో అది లోకమునకు చూపెను. 1995లో కమిషనరుగా వచ్చిన ఎస్. ఆర్. రావు వీధులతోబాటు ఫలహారశాలల శుభ్రతపైనను కఠినముగా దృష్టి నిలిపెను. 2023 స్వచ్ఛ సర్వేక్షణములో సూరతు ఇండోరుతో కలిసి ప్రథమస్థానము పొందెను. తోపుడుబండి కడ కోసి ఉంచిన పండ్లపై ఈగలు వ్రాలుచున్నచో మాత్రము ఏ బహుమతియు మనలను కాపాడజాలదు.

ఇంత చేసినను పిల్లవానికి విరేచనములు పట్టినచో, పెద్ద ఓ.ఆర్.ఎస్. పొట్లము నొకదానిని కాచి చల్లార్చిన లీటరు నీటిలో కలిపి, చెంచాతో కొంచెము కొంచెముగా పట్టింపవలెను. తల్లిపాలు మానరాదు. కలిపిన నీరు 24 గంటలు దాటినచో పారబోసి క్రొత్తది కలుపవలెను. రక్తము పడినను, కండ్లు లోతుకు పోయినను, పిల్లవాడు త్రాగలేకున్నను తెల్లవారువఱకు ఆగక వెంటనే ఆసుపత్రికి తీసికొనిపోవలెను.