అరగదీసే ముందు అడగండి

ముందు పళ్ళ అందం కోసం ఏ క్లినిక్ మెట్లెక్కినా, ఎంతవుతుందని అడగడానికి ముందే ఇంకో మాట అడగండి: “డాక్టరు గారూ, దీనికోసం నా పన్ను ఎంత అరగదీస్తారు?” ఖర్చయిన డబ్బు మళ్ళీ సంపాదించుకోవచ్చు. ఎనామిల్ మళ్ళీ పుట్టదు. విరిగిన ఎముక అతుక్కుంటుంది, తెగిన చర్మం మానుతుంది. పంటి మీది ఆ గట్టి పొర మాత్రం పోతే పోయినట్టే. అందుకే పంటిని ముట్టుకోని చికిత్సతో మొదలుపెట్టండి. అది చాలకపోతేనే తర్వాతిదాని దాకా వెళ్ళండి.

మొదటిది క్లీనింగ్. గార తీయిస్తే పళ్ళు కదులుతాయని మన ఇళ్ళలో పెద్ద భయం. నిజానికి అప్పటిదాకా సందుల్ని గార పూడ్చేసి ఉంటుంది. అది పోగానే సందులు బయటపడతాయి, వాచిన చిగురు తగ్గుతుంది, అంతే. నవ్వు పాడైందని వచ్చిన వాళ్ళలో చాలామందికి టీ మరకలు, గార తీసేస్తేనే సగం దిగులు తీరిపోతుంది. చిగుళ్ళ నుంచి రక్తం కారుతుండగా పైపై మెరుగులకు ఒప్పుకోకండి.

ఫ్లోరైడ్ నీళ్ళకు పేరుపడ్డ నల్గొండ జిల్లా మర్రిగూడ వైపో, ఉమ్మడి ప్రకాశం జిల్లా కనిగిరి వైపో పుట్టి పెరిగిన పిల్లలకు, పంటిని ముట్టుకోని చికిత్సతో మొదలుపెట్టమన్న మాట ఇంకా గట్టిగా చెప్పాలి. మన దేశంలో ఫ్లోరోసిస్‌ను వైద్యులు మొదట గుర్తించింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లోనే. చిగురు లోపల పన్ను తయారయ్యే పసితనంలో ఫ్లోరైడ్ నీళ్ళు తాగితే పళ్ళ మీద గోధుమరంగు చారలు వస్తాయి. పళ్ళు తోమకపోవడం వల్ల రావు, తోమితే పోవు. “రోజూ బ్రష్ చేసుకోవా?” అని చుట్టాలు నలుగురిలో అడిగిన పాపానికి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మాట్లాడటం అలవాటైన పిల్లలు ఎందరో. ఇంటర్వ్యూలో జవాబు తెలిసి కూడా గొణుగుతారు. తప్పు తమది కాదని ముందు వాళ్ళకు తెలియాలి. ఆ మరకలకు వరసపెట్టి క్యాపులు వేయించుకోనక్కర్లేదని కూడా తెలియాలి.

పైపొరలో చారలైతే మైక్రోఅబ్రేషన్ ఉంది. చిగుళ్ళకు తగలకుండా రబ్బరు షీటు కట్టి, పలుచని ఆసిడ్, ప్యూమిస్ పొడి కలిపిన పేస్టుతో పన్ను మీద మెల్లగా రుద్దుతారు. వెంట్రుక మందం పొర పోయి రంగు చాలావరకు తేలిపోతుంది. ఇంట్లో నిమ్మచెక్క, ఉప్పు పెట్టి రుద్దేదీ ఇదేగా అనుకోవద్దు. ఎంత పోతోందో చూసే కన్ను, ఎక్కడ ఆపాలో తెలిసిన చెయ్యి అక్కడ ఉండవు. ఇంకా మిగిలిన పసుపుకు బ్లీచింగ్. మీ పళ్ళ అచ్చు తీసి చేసిన ట్రేలో పది శాతం కార్బమైడ్ పెరాక్సైడ్ జెల్ వేసుకుని రాత్రిపూట పెట్టుకుంటే రెండు మూడు వారాల్లో తేడా తెలుస్తుంది. ఆ రోజుల్లో చల్లటి నీళ్ళు తాగితే జివ్వుమనవచ్చు, తర్వాత తగ్గిపోతుంది. పాత క్యాపులు, ఫిల్లింగుల రంగు మాత్రం బ్లీచింగ్‌తో మారదు. కాబట్టి ముందు బ్లీచింగ్, ఆ తర్వాతే ఫిల్లింగ్.

పన్ను కొన విరిగినా, ముందు పళ్ళ మధ్య సందున్నా, పంటి రంగు పదార్థం అతికించే కాంపోజిట్ బాండింగ్ చాలు. ఒక్క సిట్టింగ్‌లో అయిపోతుంది, పన్ను దాదాపు అరగదు. కొన్నేళ్ళకు రంగు మారుతుంది, అంచు పెచ్చు లేస్తుంది. అప్పుడు మళ్ళీ దిద్దించుకోవచ్చు. ఇరవై ఏళ్ళ వయసులో నేనైతే దీనికే ఓటేస్తాను.

పంటి ముందుభాగం మీద అతికించే పలుచని పెంకులు, అంటే వెనీర్లు, అందంగా ఉంటాయి, కాదనను. వాటికోసం సాధారణంగా అర మిల్లీమీటరు దాకా ముందుభాగం తీస్తారు. ఒకసారి తీశాక ఆ పంటికి జీవితాంతం ఏదో ఒక కప్పు ఉండాల్సిందే, పాతది పోతే కొత్తది పెట్టించుకోవాల్సిందే. క్యాపు సంగతి ఇంకా పెద్దది. చుట్టూ అరగదీస్తే కనిపించే పన్నులో సగానికి పైగా పోతుంది. బాగా పుచ్చిన పంటికి, రూట్ కెనాల్ చేసిన పంటికి అది రక్ష. వంకర వరసను వారంలో సరిచేస్తామంటూ ఆరోగ్యంగా ఉన్న ఆరు పళ్ళు చెక్కి క్యాపులు తొడిగితే అది అన్యాయం. వంకరకు, ఎత్తు పళ్ళకు మందు క్లిప్పులో, అలైనర్లో. ఏడాదో రెండేళ్ళో ఓపిక పట్టాలి. తర్వాత పళ్ళను కొత్త చోట నిలిపే రిటైనర్ చెప్పినన్నాళ్ళు పెట్టుకోకపోతే పళ్ళు పాత చోటికి జరుగుతాయి. ఈ ముక్క మొదటిరోజే డాక్టరుతో చెప్పించుకోండి.

వెనీర్లే ఖాయం అనుకుంటే మాకప్ అడగండి. పన్ను చెక్కకుండానే దాని మీద తాత్కాలికంగా ఆకారం పేర్చి చూపిస్తారు. అద్దంలో నవ్వి ఊరుకోకండి. “వాన వెలిసింది, ఫోను చెయ్యి” అని పైకి అనండి. పళ్ళు మరీ పొడుగైతే వ, ఫ పలికేటప్పుడు కింది పెదవికి గట్టిగా తగిలి మాట తేడాగా వస్తుంది. రంగు ఎంచేటప్పుడు లిప్‌స్టిక్ తుడిచేసి, పంటి రంగుల నమూనాలుండే షేడ్ గైడును కిటికీ వెలుతురులో పంటి పక్కన పెట్టించండి. అందులో అన్నిటికంటే తెల్లనిది మీ ముఖానికి నప్పాలనేం లేదు. మీ కంటి తెలుపు కంటే పన్ను తెల్లగా ఉంటే చూసేవాళ్ళ చూపు పంటి మీదే ఆగిపోతుంది. సెల్ఫీ చూసి నిర్ణయించకండి. దగ్గరగా పట్టిన ఫోను ముఖం మధ్యభాగాన్ని పెద్దది చేసి చూపిస్తుంది. కాస్త దూరం నుంచి, మీరు మాట్లాడుతుండగా వీడియో తీయించుకుని ఇంట్లోవాళ్ళకు చూపించండి.

చికిత్స చేసేవారికి డెంటల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఉందో లేదో చూడండి. పళ్ళు తెల్లగా చేస్తామనే బ్యూటీ పార్లర్ ప్యాకేజీల జోలికి పోకండి. క్లిప్పులకు ఆర్థోడాంటిస్టు, క్యాపులు, వెనీర్లకు ప్రాస్థోడాంటిస్టు. ఖర్చు పెద్దదైతే రెండో డాక్టరును కూడా అడగండి. అడిగితే మొదటి డాక్టరు ఏమనుకుంటారో అన్న మొహమాటం ఇక్కడ పనికిరాదు.

పెళ్లి కుదిరినవాళ్ళు ముహూర్తానికి వారం ముందు పరుగెత్తుకు వెళ్ళి, క్యాపులు తప్ప దారిలేని స్థితి తెచ్చుకోవద్దు. క్లీనింగ్ తర్వాత చిగుళ్ళు కుదుటపడటానికి వారం పదిరోజులు, బ్లీచింగ్‌కు మూడు వారాలు, రంగు నిలదొక్కుకోవడానికి ఇంకో రెండు వారాలు, ఆపైన కాంపోజిట్. శుభలేఖలు అచ్చుకు ఇవ్వడానికి ముందే అపాయింట్‌మెంట్ తీసుకోండి.