మట్టి పోతే పైనుంచి కనిపిస్తుందా?

వాన వెలిశాక జహీరాబాద్ దగ్గర నారింజ వాగును చూడండి. నీళ్లు ఎర్రగా పారుతుంటాయి. ఆ ఎరుపు ఎక్కడిది? మన చెలకలదే. పైమట్టి కొట్టుకుపోయి కుంటల్లో, వాగుల్లో చేరుతుంది. ఇక్కడ చెలక పలచబడుతుంది. అక్కడ కుంట పూడుతుంది.

ఒక్క వానకు పోయిన మట్టి కంటికి ఆనదు. కొన్నేళ్లకు రాళ్లు తేలుతాయి. అప్పుడు "అయ్యో" అంటాం. మరి ముందే కొలిచేదెట్లా?

ఒక కన్ను మూసుకుని సూదిలో దారం ఎక్కించి చూడండి. కష్టం కదా! దారం సూదికి ముందుందో, వెనకుందో తెలియదు. రెండో కన్ను తెరిస్తే తెలుస్తుంది. రెండు కళ్లు రెండు పక్కల నుంచి చూస్తాయి. అందుకే మనకు ఎత్తుపల్లాలు తెలుస్తాయి.

ఉపగ్రహానికీ ఇట్లాగే రెండు కళ్లు పెట్టారు. దాని పేరు కార్టోశాట్-1. 2005 మే 5న ఇస్రో వాళ్లు శ్రీహరికోట నుంచి పంపారు. అది 600 కిలోమీటర్ల పైన తిరిగింది. దానికి రెండు కెమెరాలు. ఒకే నేలను 52 సెకన్ల తేడాతో రెండుసార్లు ఫొటో తీసేది. ఆ రెండు ఫొటోలు కలిపి ఏ చోటు ఎంత ఎత్తో లెక్క కట్టారు. ఆ లెక్కలను హైదరాబాదులోని జాతీయ దూర సంవేదన కేంద్రం 'భువన్' పేరుతో కంప్యూటర్లో అందరికీ అందిస్తోంది.

ఇక మిగిలింది తీసివేతే. ఒక చోట నేల 600 మీటర్ల ఎత్తు ఉందనుకుందాం. మొరం తవ్వారు. మళ్లీ కొలిస్తే 590. అంటే గుంత లోతు 10 మీటర్లు.

"మరి నా చెలకల బెత్తెడు మట్టి పోతే తెలుస్తదా?" అని మీరు అడగవచ్చు. కార్టోశాట్ లెక్కకు తెలియదు. అందులో కొన్ని మీటర్ల తేడా రావచ్చు. 2025 జూలై 30న ఇస్రో, అమెరికా నాసా కలిసి నైసార్‌ను పంపాయి. అది రాడార్ అలలతో చూస్తుంది. మబ్బైనా, చీకటైనా దానికి అడ్డు లేదు. 12 రోజులకోసారి అదే చోటికి వస్తుంది. నేల కుంగితే సెంటీమీటర్లలో చెప్పగలదు. కానీ పైరు పెరిగిన చెలకలో దానికీ కష్టమే.

ఎత్తుల పటం చూసి నీళ్లు ఎటు పారుతాయో చెప్పవచ్చు. గట్టు ఎక్కడ వేయాలో, ఊట కుంట ఎక్కడ తవ్వాలో ఆలోచించవచ్చు. తప్పుచోట గట్టు వేస్తే అది తెగి పక్క చెలక కూడా కోసుకుపోతుంది. అందుకే పటం పట్టుకొచ్చిన వారిని "ఇది ఏ సంవత్సరంది?" అని అడగండి. పాత పటంలో మీరు నిరుడు వేసిన గట్టు ఉండదు. వాన పడేటప్పుడు నీళ్లు ఎటు మళ్లుతాయో మీరు కళ్లారా చూశారు. అది చెప్పండి. పటంలో రాయించండి.

చేసి చూడండి: నాగలి, పశువులు తగలని చోట ఒక ఇనుప సలాక పాతండి. నేల దగ్గర సలాక మీద రంగుతో గీత పెట్టండి. వానాకాలం పోయాక గీతకు, నేలకు మధ్య ఎన్ని వేళ్ల సందు వచ్చిందో కొలవండి. తేదీ వేసి పుస్తకంలో రాసుకోండి.