రక్తదానం కూడా ఒక రికరింగ్ డిపాజిట్టే

రెండేళ్ల క్రితం మన పత్రికలో వచ్చిన ఒక ఫొటో మీలో కొందరికి గుర్తుండవచ్చు. మా ఖమ్మం శాఖ వార్షికోత్సవం సందర్భంగా జనవరిలో పెట్టిన రక్తదాన శిబిరం అది. బ్యానరు ముందు సిబ్బంది, ఖాతాదారులు, కొందరు సిబ్బంది పిల్లలు నిలబడి ఉన్నారు. మధ్యలో శాఖ మేనేజరుగా నేను. కింద “ఒక్కరోజులో 62 యూనిట్లు” అని రాసి ఉంది. జోనల్ ఆఫీసు నుంచి అభినందన లేఖ వచ్చింది. ఆ పేజీ కత్తిరించి మా అమ్మకు పంపాను కూడా.

ఆ ఏడాదే మే నెలలో ఒక మధ్యాహ్నం మా ఖాతాదారు ఒకరు నా క్యాబిన్ గుమ్మం దగ్గర నిలబడ్డారు. ఆయన ఆటో నడుపుతారు. లోను కిస్తీలు రెండు బాకీ ఉన్నాయి. ఆ విషయమే అనుకుని, “రండి, కూర్చోండి. ఈ నెలైనా కట్టగలరా?” అని అడిగాను.

“కిస్తీ కోసం రాలేదు మేడమ్. మా పాపకు రక్తం ఎక్కించాలి. మీరు క్యాంపు పెట్టారు గదా, మీ వాళ్లు ఎవరన్నా ఇస్తారేమోనని వచ్చిన” అన్నారాయన.

పాపకు 7 ఏళ్లు. తలసీమియా. మూడు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. ఆమెది బి పాజిటివ్, మన దగ్గర సాధారణంగా కనిపించే గ్రూపే. అయినా ఆ రోజు ఊళ్లో ఆయన తిరిగిన రెండు రక్తనిధి కేంద్రాల్లోనూ దొరకలేదు. రెండు కిస్తీలు ఎందుకు ఆగాయో నాకు అప్పుడు అర్థమైంది. పాప కోసం ఆస్పత్రిలో ఉన్న రోజున ఆటో నడవదు. రక్తం కోసం తిరిగే రోజుల్లోనూ నడవదు.

నేనే ఇద్దామని ఆయన వెంట వెళ్లాను. వేలి మీద చిన్నగా గుచ్చి పరీక్షించి, “మేడమ్, మీ హీమోగ్లోబిన్ 11.4 ఉంది. 12.5 ఉంటేనే తీసుకుంటాం” అన్నారు. 62 మంది చేత రక్తం ఇప్పించిన మేనేజరు తాను మాత్రం ఇవ్వలేకపోయింది. శిబిరం రోజున ఏర్పాట్ల హడావిడిలో నేను ఇవ్వనేలేదని కూడా అప్పుడే గుర్తొచ్చింది. చివరికి మా హెడ్ క్యాషియర్ గారి అబ్బాయి, డిగ్రీ చదువుతున్న కుర్రాడు, ఫోను చేసిన అరగంటలో వచ్చి ఇచ్చాడు. ఆ సాయంత్రం పాపకు రక్తం ఎక్కింది.

ఆ 62 యూనిట్లు ఏమయ్యాయి?

బయటికి వస్తూ అక్కడి వైద్యాధికారిని అడిగాను: “జనవరిలో మేమిచ్చిన రక్తంలో ఒక్క యూనిట్ కూడా మిగల్లేదా డాక్టరు గారూ?” ఆమె చిరాకు పడకుండా కూర్చోబెట్టి చెప్పారు. ఎంబీఏలో ఇన్వెంటరీ గురించి నేను చదువుకున్నదంతా ఆ పది నిమిషాల్లో మళ్లీ అర్థమైంది.

మనం ఇచ్చిన రక్తాన్ని సాధారణంగా మూడు భాగాలుగా విడదీస్తారు. అందువల్ల ఒక దానం ఒకరికి మించి ఉపయోగపడుతుంది. అయితే ప్రతి భాగానికీ ఒక మెచ్యూరిటీ తేదీ ఉంటుంది.

ఎర్రకణాలను 2 నుంచి 6 డిగ్రీల చల్లదనంలో ఉంచుతారు. అందులో కలిపే ద్రావణాన్ని బట్టి 35 నుంచి 42 రోజులు నిలుస్తాయి. తలసీమియా పిల్లలకు, కాన్పులో రక్తం ఎక్కువగా పోయిన తల్లులకు, ప్రమాద బాధితులకు ఇవే కావాలి.

ప్లేట్‌లెట్లను 20 నుంచి 24 డిగ్రీల మధ్య, ఆగకుండా కదిలిస్తూ ఉంచాలి. వాటి ఆయువు 5 రోజులే. కేన్సర్ చికిత్సలో ఉన్నవారికి, డెంగీ తీవ్రమై రక్తస్రావం జరిగేవారికి వీటి అవసరం పడుతుంది.

ప్లాస్మాను గడ్డకట్టించి ఏడాది వరకు దాచవచ్చు. కాలిన గాయాలవారికి, రక్తం గడ్డకట్టని సమస్యలున్నవారికి ఇది పనికొస్తుంది.

“జనవరిలో మీ క్యాంపు జరిగిన పది రోజుల్లోనే ఇంకో మూడు క్యాంపులు జరిగాయి మేడమ్. ఫ్రిజ్‌లు నిండిపోయాయి. వాడగలిగినంత వాడాం, ఇతర కేంద్రాలకు కొంత పంపాం. అయినా కొన్ని యూనిట్ల గడువు దాటింది. మేలో కాలేజీలుండవు, ఎండలకు ఎవరూ బయటికి రారు. పేషెంట్లు మాత్రం ఎప్పటిలాగే వస్తారు” అన్నారామె.

గడువు దాటిన ఆ యూనిట్లలో మావి ఎన్నో నేను అడగలేదు. అడిగే ధైర్యం రాలేదు.

బ్యాంకు మనుషులకు తెలిసిన పాఠమే

రాబడి ఒకప్పుడు, చెల్లింపు మరొకప్పుడు ఉంటే ఏమవుతుందో మనకు ఒకరు చెప్పనక్కర్లేదు. మార్చి 31న డిపాజిట్లు కుప్పగా తెచ్చి ఏప్రిల్ మొదటి వారంలో పోగొట్టుకునే శాఖను మనం మంచి శాఖ అనం. నెలనెలా నిలకడగా వచ్చే సొమ్మే శాఖను నిలబెడుతుంది. రక్తనిధి కేంద్రమూ అంతే. కాకపోతే అక్కడ డబ్బులా దాచిపెట్టుకోవడం కుదరదు, ఆర్‌బీఐ నుంచి అప్పు తెచ్చుకునే వీలూ లేదు. రక్తాన్ని ఏ ఫ్యాక్టరీలోనూ తయారు చేయలేం. పక్క మనిషి ఇవ్వాల్సిందే.

మన దేశంలో డబ్బు తీసుకుని రక్తం ఇచ్చే పద్ధతి ఒకప్పుడు బాగా ఉండేది. 1996లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో 1998 జనవరి 1 నుంచి అది నిషిద్ధమైంది. పరీక్షలకు, నిల్వకు అయ్యే ఖర్చు కింద ప్రాసెసింగ్ చార్జీ తీసుకోవచ్చు గానీ రక్తానికి ధర కట్టకూడదు. అంటే ఈ వ్యవస్థ అంతా స్వచ్ఛంద దాతల మీదే నడవాలి. వాళ్లు చాలని రోజున “మీ వాళ్లెవరినైనా తీసుకురండి” అని రోగి బంధువులకే చెబుతారు. ఆటో పక్కన పెట్టి ఆ తండ్రి ఎండలో తిరిగింది అందుకే.

మేం మార్చుకున్నది

మరుసటి సోమవారం సిబ్బందితో కూర్చున్నాం. జనవరి దాతల జాబితా తీసి, వారి కుటుంబ సభ్యుల్లో ఇష్టపడినవారి పేర్లు చేర్చి, 12 నెలలకు విడదీశాం. నెలకు ఐదారుగురు. మే, జూన్ నెలలకు ఎక్కువ మందిని పెట్టాం. రెండో శనివారం మనకు సెలవు కాబట్టి ఆ రోజే వెళ్లాలని అనుకున్నాం. వెళ్లే ముందు రక్తనిధి కేంద్రానికి ఫోను చేసి, ఏ గ్రూపు తక్కువగా ఉందో కనుక్కుంటాం. సరిపడా ఉందంటే ఆ దాతను తర్వాతి నెలకు జరుపుతాం. ప్లేట్‌లెట్లు అత్యవసరమైతే పిలవడానికి మరో నలుగురి పేర్లు విడిగా ఉంచాం.

ఏడాది తిరిగేసరికి మొత్తం 58 యూనిట్లు ఇచ్చాం. అంటే ఒక్కరోజు శిబిరం కన్నా 4 తక్కువ! ఆగస్టులో ఆడిట్ వల్ల ఇద్దరే వెళ్లగలిగారు. బ్యానరు లేదు, ఫొటో లేదు. నివేదికలో “శిబిరాలు” అన్న గడిలో సున్నా రాయాల్సి వచ్చింది. “ఈసారి తగ్గిందేమిటి?” అని పై నుంచి ఫోను కూడా వచ్చింది. సంగతి వివరించాను. కానీ ఆ 58లో దాదాపు ప్రతిదీ అవసరమైన సమయానికే చేరిందని వైద్యాధికారి చెప్పారు. నాకు ఆ లెక్క చాలు.

శిబిరాలు వద్దని నా ఉద్దేశం కాదు. మొదటిసారి ఇచ్చేవారికి భయం పోగొట్టేది శిబిరమే. అయితే తేదీని మన వార్షికోత్సవాన్ని బట్టి కాకుండా, రక్తనిధి కేంద్రాన్ని అడిగి పెట్టుకోవాలి.

ఎవరు ఇవ్వవచ్చు?

ఇంట్లో అందరూ అడిగే ప్రశ్నలు ఇవి.

వయసు 18 నుంచి 65 ఏళ్ల మధ్య ఉండాలి. మొదటిసారి ఇచ్చేవారికి 60 దాటకూడదు. బరువు కనీసం 45 కిలోలు, హీమోగ్లోబిన్ కనీసం 12.5 గ్రాములు. మగవారు 90 రోజులకోసారి, ఆడవారు 120 రోజులకోసారి ఇవ్వవచ్చు. తీసుకునేది 350 మిల్లీలీటర్లు, బరువు 55 కిలోలు దాటినవారి నుంచి 450 వరకు. మన ఒంట్లో దాదాపు 5 లీటర్ల రక్తం ఉంటుంది. తగ్గిన ద్రవం ఒకటి రెండు రోజుల్లో, ఎర్రకణాలు కొన్ని వారాల్లో మళ్లీ భర్తీ అవుతాయి.

ఖాళీ కడుపుతో వెళ్లకండి. ముందు రాత్రి బాగా నిద్రపోండి. ఇచ్చాక 15 నిమిషాలు కూర్చుని, నీళ్లో పళ్లరసమో తాగి లేవండి. ఆ రోజు బరువులు ఎత్తకండి.

రక్తం ఇచ్చేముందు ఒక ఫారం నింపమంటారు. దాన్ని మన కేవైసీ అంత శ్రద్ధగా నింపాలి. మందులు, ఆపరేషన్లు, ఏడాది లోపు వేయించుకున్న పచ్చబొట్టు, పాత కామెర్లు, ఏదీ దాచకూడదు. ప్రతి యూనిట్‌నూ హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, సి, సిఫిలిస్, మలేరియాలకు పరీక్షిస్తారు. అయినా ఇన్ఫెక్షన్ సోకిన తొలి రోజుల్లో పరీక్షకు అది చిక్కకపోవచ్చు. అప్పుడు రోగిని కాపాడేది దాత చెప్పే నిజమే.

ఆడవారికి ఒక మాట

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల ఆడవారిలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. మంచి జీతం, మెడికల్ సదుపాయం ఉన్న నేను కూడా అందులో ఒకదాన్నని వేలి మీద గుచ్చేదాకా నాకు తెలియదు. అలసటంతా ఆఫీసు పని వల్లే అనుకున్నాను. డాక్టరు కారణం పరీక్షించి ఐరన్ మాత్రలు ఇచ్చారు. భోజనం కాగానే కాఫీ తాగే అలవాటు మానమన్నారు, ఎందుకంటే అది ఐరన్‌ను ఒంటికి పట్టనివ్వదు. తోటకూర, పప్పు తినేటప్పుడు నిమ్మకాయ పిండుకోమన్నారు. అక్టోబరులో 12.8 వచ్చింది. జాతీయ స్వచ్ఛంద రక్తదాన దినమైన అక్టోబరు 1న ఇద్దామనుకున్నాను గానీ, ఆ వారం నిల్వ బాగానే ఉందన్నారు. నవంబరులో ఇచ్చాను. నలభై ఆరేళ్ల వయసులో అదే నా మొదటి రక్తదానం.

పెళ్లికి ముందు ఒక పరీక్ష

తలసీమియా జన్యువు ఒకటే ఉన్నవారు ఆరోగ్యంగానే ఉంటారు, తమకు ఉందన్న సంగతే తెలియదు. భార్యాభర్తలిద్దరిలోనూ అది ఉంటే మాత్రం, ప్రతి కాన్పులోనూ బిడ్డకు తీవ్రమైన తలసీమియా వచ్చే అవకాశం 25 శాతం. హెచ్‌బీఏ2 అనే రక్తపరీక్షతో ముందే తెలుసుకోవచ్చు. పెళ్లి సంబంధాలు చూస్తున్నవారు, బిడ్డను కనాలనుకుంటున్నవారు జాతకాలతో పాటు దీన్నీ చూసుకోవాలని నా మనవి. ఆటో నడిపే ఆ తండ్రికి ఈ మాట చెప్పినవారు లేకపోయారు.

ఇప్పుడు ఆ పాపకు 9 ఏళ్లు. మొన్న తండ్రితో శాఖకు వచ్చింది. కిస్తీలు సర్దుకున్నాయి. ఈ నెల రక్తం ఎవరిస్తున్నారని ఆయన నన్ను అడగలేదు. అడగాల్సిన అవసరం రాలేదు.

ఈ పత్రిక చదవడం పూర్తయ్యాక మీ ఇంట్లో క్యాలెండర్ తీయండి. మే నెలలో ఒక రెండో శనివారానికి చుట్టూ గీత గీయండి. మీ ఊరి రక్తనిధి కేంద్రం నంబరు దాని పక్కన రాసుకోండి. మొదటి కిస్తీ అదే.