కార్ఖానా ట్రాఫిక్‌కీ కేలాంగ్ మంచుకీ ఒకటే బండా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా మంచు గురించే. సికింద్రాబాద్‌లో డిసెంబరు తెల్లవారుజామున స్వెట్టరు బయటికి తీస్తే అదే మనకు పెద్ద చలి. అయినా బోయినపల్లి నుంచి మేడ్చల్ వైపు పోయే 44వ నంబరు జాతీయ రహదారిని వదలకుండా పట్టుకుంటే శ్రీనగర్‌లో తేలతాం. ఇంటి పక్క రోడ్డే మంచు దాకా పోతుంటే మనసు ఊరుకుంటుందా!

ప్రశ్న: సైన్యంలో, బండ్లు మరమ్మతు చేసే ఈఎంఈ విభాగంలో 28 ఏళ్లు చేసి రిటైరై సైనిక్‌పురిలో ఉంటున్నాను. లేహ్‌లో రెండు చలికాలాలు గడిపాను గానీ అప్పుడు బండి సర్కారుది, స్టీరింగు వేరేవాళ్లది. ఈ జనవరిలో మా ఆవిడనీ మనవలనీ తీసుకుని మనాలీ మీదుగా అటల్ టనెల్ దాటి సిస్సు, కుదిరితే కేలాంగ్ పోవాలని ఉంది. కోటి, కోటి పాతిక దాకా పెట్టగలను. బీఎండబ్ల్యూ ఎక్స్5, బెంజ్ జీఎల్‌ఈ, డిఫెండర్: ఈ మూడింట్లో ఏది? షోరూముల్లో అందరూ "ఆల్ వీల్ డ్రైవ్ సార్, మంచులో తిరుగులేదు" అంటున్నారు.

జవాబు: ఈఎంఈ వారికి బండి గురించి చెప్పడమంటే తాతకు దగ్గులు నేర్పడమే. అయినా అడిగారు కాబట్టి చెబుతాను, తప్పుంటే తిట్టండి.

షోరూము అబ్బాయి చెప్పింది అబద్ధం కాదు, సగం నిజం. ఆల్ వీల్ డ్రైవ్ నాలుగు చక్రాలనూ తిప్పుతుంది, బండిని ముందుకు కదుపుతుంది. ఆపడంలో దాని పాత్ర లేదు. బ్రేకులంటారా, పాత మారుతీ 800కి కూడా నాలుగు చక్రాలకూ ఉన్నాయి. పైగా మీరు చూస్తున్న బండ్లన్నీ రెండు టన్నులు దాటినవి. జారుడు రోడ్డు మీద ఆ బరువు మీ పక్షాన ఉండదు.

నాకిది సిస్సు దగ్గర ఒక దిగుడులో తెలిసొచ్చింది. బండి ఖరీదైనదే, టైర్లు మాత్రం మన ఎండలకు చేసినవి. పైన పల్చటి మంచు పొర, గంటకు 15 కిలోమీటర్ల వేగం. బ్రేకు మీద కాలు పెట్టాను. ఏబీఎస్ టకటకమంటూనే ఉంది, బండి మాత్రం బురదలో దిగిన గేదెలాగా, ఏ తొందరా లేకుండా, రోడ్డు పక్కన పేరుకున్న మంచు గుట్ట దాకా నడిచిపోయి ఆగింది. వెనక ఒక లోకల్ టాక్సీ, చిన్న బండి, చక్రాలకు గొలుసులు. మమ్మల్ని దాటుకుని వెళ్తూ ఆ డ్రైవరు చెయ్యి కూడా ఊపాడు.

కాబట్టి ముందు టైరు, తర్వాతే బండి. ఉష్ణోగ్రత 7 డిగ్రీల కిందికి దిగితే మామూలు టైరు రబ్బరు గట్టిపడి పట్టు తగ్గుతుంది. చలికాలపు టైరు రబ్బరు మెత్తగానే ఉంటుంది. పక్కగోడ మీద మూడు శిఖరాల కొండ, దాని మధ్యలో మంచు పువ్వు గుర్తు ఉంటే అది మంచులో పరీక్ష నెగ్గిన టైరని అర్థం. "ఎం ప్లస్ ఎస్" అని మాత్రమే రాసి ఉంటే ఆ పరీక్ష పెట్టినట్టు కాదు. 20, 21 అంగుళాల చక్రాలకు మన దగ్గర ఇలాంటివి దొరకడం కష్టం. కనుక గొలుసులే దిక్కు. కొన్ని వెడల్పు టైర్లకు మామూలు గొలుసులు వేయొద్దని కంపెనీవాళ్లే మాన్యువల్‌లో రాస్తారు, కొనే ముందు ఆ పేజీ చూడండి. కొన్నాక సైనిక్‌పురిలో మీ ఇంటి ముందే రెండుసార్లు వేసి తీయండి. అక్కడ వేళ్లు కొంకర్లు పోతున్నప్పుడు నేర్చుకునే పని కాదది.

ఇప్పుడు మీరడిగిన మూడు బండ్లు. ఎక్స్5లో లో రేంజ్ గేర్లు (మెల్లగా, బలంగా లాగేవి) లేవు, కానీ నాగపూర్ దాటాక తారు రోడ్డు మీద దాని పరుగు చూస్తే మీరే అంటారు, డబ్బుకు న్యాయం జరిగిందని. జీఎల్‌ఈ వెనక సీట్లో మీ ఆవిడకు నడుము నొప్పి రాదు. డిఫెండర్‌కు లో రేంజ్ ఉంది, ఎయిర్ సస్పెన్షన్ ఉన్నదైతే పొట్టను నేలకు 291 మిల్లీమీటర్ల దాకా ఎత్తుకోగలదు, 900 మిల్లీమీటర్ల నీళ్లలో దిగగలదు (ఇది మంచు కన్నా మన జులై వానలకే ఎక్కువ అక్కరకొస్తుంది). అన్నిటికన్నా నాకు నచ్చింది వెనక తలుపుకు తగిలించిన పూర్తి సైజు స్టెప్నీ. చాలా లగ్జరీ బండ్లలో అది ఉండదు. ఆ సైజు టైరు కేలాంగ్‌లో ఏ పంక్చర్ షాపులోనూ దొరకదు. మూడింట్లో ఒకటే చెప్పమంటే డిఫెండర్. అందులోనూ చిన్న చక్రాలది.

కానీ సార్, ఒక మాట. ఏడాదిలో మీరు మంచులో ఉండేది ఆరు రోజులు. మిగతా 359 రోజులూ కార్ఖానా సిగ్నల్ దగ్గరే. ప్రతి చలికాలం వెళ్లే ఆలోచన లేకపోతే, మనాలీ దాకా హాయిగా వెళ్లి అక్కడి టాక్సీ మాట్లాడుకోండి. మంచు ఎక్కువ పడినప్పుడు పోలీసులు ఫోర్ బై ఫోర్ బండ్లనో, గొలుసులు వేసినవాటినో మాత్రమే టనెల్ వైపు వదులుతారు. లోకల్ డ్రైవర్‌కు ఏ మలుపులో మంచు ఎండ తగలకుండా ఉండిపోతుందో తెలుసు. అది ఏ కోటి రూపాయల బండిలోనూ దొరికే ఫీచరు కాదు.

సొంత బండిలోనే పోతానంటే, రాత్రి ఆపేటప్పుడు హ్యాండ్ బ్రేక్ వేయకండి, తడి ఉంటే గడ్డకట్టి పట్టేస్తుంది. ఎలక్ట్రానిక్ బ్రేకైతే దానంతటదే పడకుండా ఆపే పద్ధతి మాన్యువల్‌లో ఉంటుంది. పీలో పెట్టి చక్రానికి రాయి అడ్డం పెట్టండి. వైపర్లు పైకెత్తి ఉంచండి. పొద్దున్నే అద్దం మీద వేడినీళ్లు పోస్తే అద్దం పగులుతుంది. డీజిల్ బండైతే మైదానంలో నింపిన డీజిల్ చలికి మైనంలా గట్టిపడి ఫిల్టరు మూసేస్తుంది. అందుకే ఇండియన్ ఆయిల్ 2019 నవంబరులో లద్దాఖ్ కోసం మైనస్ 33 డిగ్రీల దాకా పారే ప్రత్యేక డీజిల్ తెచ్చింది.

కేలాంగ్ దాటి లేహ్ దాకా అనుకోకండి. 9.02 కిలోమీటర్ల అటల్ టనెల్ 2020 అక్టోబరు 3న తెరిచాక లాహౌల్‌కు దారి సులువైంది గానీ, ముందున్న బారాలాచా లా కనుమ చలికాలంలో మూసే ఉంటుంది. శ్రీనగర్ వైపు జోజిలా కింద 13 కిలోమీటర్ల పైచిలుకు సొరంగం తవ్వుతున్నది మన హైదరాబాద్ మేఘా కంపెనీయే. అది తెరిచిన నాడు మళ్లీ ఉత్తరం రాయండి, అప్పుడు లేహ్ సంగతి మాట్లాడుకుందాం.

ప్రశ్న: మాది మారేడ్‌పల్లి. మా అమ్మాయి హుస్సేన్ సాగర్‌లో పడవ పందేలకు తర్ఫీదు తీసుకుంటోంది. ఆరు ఆప్టిమిస్ట్ పడవలను ట్రైలర్ మీద చెన్నై పోటీలకు తీసుకెళ్లే బాధ్యత ఈసారి నా మీద పడింది. 3,500 కిలోలు లాగే ల్యాండ్ క్రూజర్ 300 గానీ రేంజ్ రోవర్ గానీ కొనమని స్నేహితులు అంటున్నారు.

జవాబు: మీ స్నేహితులు ఎవరో గానీ, మీ జేబు మీద వాళ్లకు దయ లేదు. సికింద్రాబాద్‌లో టోయింగ్ అనగానే ప్యారడైజ్ దగ్గర ట్రాఫిక్ పోలీసులు బండి ఎత్తుకుపోవడమే గుర్తొస్తుంది, కాబట్టి ఈ లెక్క ఎవరూ వేసి చూడరు. మనం వేద్దాం.

ఆప్టిమిస్ట్ పడవ ఒక్కోటి 35 కిలోలు. ఆరు పడవలు 210. తెరచాపలు, కొయ్యలు, పెట్టెలు కలిపి ఇంకో 100 వేసుకోండి. ట్రైలర్ 300, 350. మొత్తం ఏడు వందల లోపే. పెద్ద పిల్లల లేజర్ పడవలైనా ఒక్కో దాని డొప్ప 59 కిలోలే. దీనికి మూడున్నర టన్నుల బండి కొనడమంటే పిచ్చుక మీద బ్రహ్మాస్త్రమే. లాగే హుక్కు కంపెనీ నుంచి దొరికే మామూలు ఎస్‌యూవీ చాలు.

హుక్కు విషయంలోనే జాగ్రత్త. బండికి ముందో వెనకో మర బిగించే ఇనుప రింగు ఒకటి ఇస్తారు చూడండి, అది బండి పాడైతే లాగడానికి. దానికి ట్రైలర్ తగిలించకూడదు. రాణీగంజ్‌లో వెల్డింగ్ చేయించిన హుక్కు కూడా వద్దు. ట్రైలర్ ఊగుతుంటే బ్రేకులు సర్దే ఏర్పాటు కంపెనీ హుక్కు, దాని వైరింగు ఉంటేనే పనిచేస్తుంది. ఆ వైరింగు లేని బండి రివర్స్ సెన్సర్లకు ట్రైలర్ అంటే ఏమిటో తెలియదు, రివర్స్ వేసినప్పుడల్లా కుయ్యోమంటూనే ఉంటాయి. ఇంకొకటి, ఆ 3,500 కిలోలు విదేశీ మార్కెట్ల అంకె. ఇక్కడ మీకిచ్చే మాన్యువల్‌లో లాగే బరువు రాసి లేకపోతే ఆ అంకె మీది కాదు. షోరూమువాళ్ల చేత కాగితం మీద రాయించుకోండి, ఇన్సూరెన్స్‌వాళ్లకు చెప్పండి. 1988 మోటారు వాహనాల చట్టం ట్రైలర్‌ను విడిగా ఒక వాహనంగా చూస్తుంది. కనుక రిజిస్ట్రేషన్ కోసం తిరుమలగిరి ఆర్‌టీఏ ఆఫీసుకు ఒక పూట కేటాయించండి.

యూరప్‌లో ట్రైలర్ బరువు 750 కిలోలు దాటితే దానికి సొంత బ్రేకులు ఉండాలి. మీరు ఆ గీతకు దగ్గరలోనే ఉన్నారు. ఘాట్ దిగుళ్లు ఉంటే బ్రేకులున్న ట్రైలరే తీసుకోమంటాను.

బరువు ఇరుసుకు కాస్త ముందుకు ఎక్కువ పడేలా సర్దండి. మొత్తంలో పదో వంతు హుక్కు మీద ఉండాలి. వెనక బరువెక్కితే 80 దాటగానే ట్రైలర్ తోక ఊపడం మొదలుపెడుతుంది. అప్పుడు బ్రేకు నొక్కకండి, యాక్సిలరేటర్ మీద కాలు తీసి స్టీరింగు నిటారుగా పట్టుకోండి. వెనక్కి నడపడం ఒక ఆదివారం జింఖానా గ్రౌండ్స్ పక్కన ఖాళీ చోట సాధన చేయండి. స్టీరింగు కింది అంచు పట్టుకుంటే, చెయ్యి ఎటు కదిపితే ట్రైలర్ అటు పోతుంది. కంటోన్మెంట్‌లో గేటు మూసి ఉందని దగ్గరికెళ్లాక తెలిసిన నాడు ఈ విద్య విలువ తెలుస్తుంది.

ప్రశ్న: అన్నా, మేము అల్వాల్‌ల ఉంటం. మా పెద్దోడు మిషిగన్‌ల, నోవై దగ్గర, ఉద్యోగం చేస్తడు. మొన్న మనుమరాలు పుట్టింది. పెద్ద బండి కొనాలంటడు, మంచుల పోవాలె, ఎండకాలం వెనకాల క్యాంపింగ్ ట్రైలర్ గుంజుకపోవాలె అంటడు. నాకు కార్ల గురించి ఏం తెల్వదు. ఎక్కువ పైసలు పెడితే ఎక్కువ భద్రమే గదా?

జవాబు: కాదక్కా. మీ అబ్బాయికి ఇది చదివి వినిపించండి.

అక్కడ లాగే బరువు పౌండ్లలో చెబుతారు. వోల్వో ఎక్స్‌సీ90 5,000 పౌండ్లు, అంటే దాదాపు 2,270 కిలోలు లాగుతుంది. ఆడి క్యూ7 7,700 పౌండ్లు, ఎక్స్5కి లాగే సామగ్రి అమరిస్తే 7,200. లెక్సస్ ఆర్ఎక్స్ 350 అయితే 3,500 దగ్గరే ఆగుతుంది. ముందు ట్రైలర్ ఎంచుకుని, నీళ్లూ గ్యాసూ సామాన్లూ నింపాక దాని బరువు ఎంతో తెలుసుకుని, ఆ తర్వాత బండి చూడమనండి. బండి లాగగలిగే దానిలో ముప్పావు వంతుకు మించకుండా ఉంటే మంచిది. హుక్కు మీద పడే బరువు కూడా బండి మోసే బరువులోనే లెక్క. మీరూ బావగారూ వెళ్లినప్పుడు కూర్చునేది కూడా అందులోనే.

మిగిలిన డబ్బుతో చలికాలపు టైర్లు, వేరే రిమ్ముల మీద, నాలుగూ కొనమనండి. రెండే వేస్తే బండి ఒక కొస పట్టుకుని ఇంకో కొస జారుతుంది. పక్కనే కెనడాలో క్యూబెక్ వాళ్లు డిసెంబరు 1 నుంచి మార్చి 15 దాకా అవి తప్పనిసరని చట్టమే చేశారు. మిషిగన్‌లో రోడ్ల మీద ఉప్పు చల్లుతారు కాబట్టి బండి కింద భాగం తరచూ కడిగించాలి, లేకపోతే తుప్పు.

ఒకటి మాత్రం మీరే, మీ నోటితో చెప్పండి, అమ్మ చెబితే గుర్తుంటుంది. మంచు తుపానులో బండి ఇరుక్కుపోతే, హీటరు కోసం ఇంజను వేసే ముందు దిగి వెనక పొగ గొట్టం చుట్టూ మంచు తోడెయ్యాలి. గొట్టం మూసుకుంటే విషవాయువు లోపలికి వస్తుంది. వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం పోతుంది. డిక్కీలో ఒక పార, రెండు దుప్పట్లు, పాపకు కావలసినవి ఎప్పుడూ ఉండాలి. పాపను కార్ సీట్లో లావు కోటుతో కట్టొద్దనీ చెప్పండి. పట్టీ వదులవుతుంది. పట్టీ బిగించి, కోటు పైన కప్పాలి.

ప్రశ్న: ఎలక్ట్రిక్ లగ్జరీ ఎస్‌యూవీతో ట్రైలర్ లాగొచ్చా? (తిరుమలగిరి)

జవాబు: బలానికి లోటు లేదు, దూరానికే లోటు. పెట్టెలాంటి ట్రైలర్ తగిలిస్తే ఒక చార్జికి వెళ్లే దూరం దాదాపు సగానికి పడిపోతుంది, చలి తోడైతే ఇంకా. చార్జింగ్ దగ్గర ట్రైలర్ విప్పి పక్కన పెట్టుకోవాల్సిన సందర్భాలూ వస్తాయి. మన దగ్గర ఇంకా కొన్నాళ్లు ఆగండి.

ప్రశ్న: మంచులో దిగబడ్డ స్నేహితుడి బండిని మా బండి హుక్కు బంతికి ఇనుప గొలుసు కట్టి లాగాం. బంతి విరిగింది. కంపెనీ మీద కేసు వేయొచ్చా? (కార్ఖానా)

జవాబు: ఎవరికీ దెబ్బ తగల్లేదు కదా? ఆ బంతి ట్రైలర్‌ను నిలకడగా లాగడానికి, కుదుపుతో పీకడానికి కాదు. విరిగితే తూటాలా ఎగురుతుంది. దిగబడ్డ బండికి సాగే గుడ్డ పట్టీ వాడాలి, కంపెనీ చూపిన రికవరీ పాయింట్లకే కట్టాలి, జనం పట్టీ పొడవుకు రెట్టింపు దూరంలో నిలబడాలి. అన్నట్టు మీ స్నేహితుడిది ఆల్ వీల్ డ్రైవ్ ఆటోమేటిక్ అయితే, దాన్ని ముందు చక్రాలు ఎత్తి మెకానిక్ షెడ్డుకు లాగించకండి. వెనక చక్రాలు తిరిగి గేరుబాక్సు ఊడుతుంది. ఫ్లాట్‌బెడ్ లారీయే పిలవండి. కేసు సంగతి వకీలును అడగండి గానీ, ముందు ఆ గొలుసు అమ్మేయండి.