ఖాళీ చేయించాక ఎక్కడికి? నగరాలకు కావాల్సిన ఉద్యోగి

ఫ్లైఓవర్ కింద పది కుటుంబాలు పరదాలు కట్టుకుని కాపురం ఉంటున్నాయని ఫిర్యాదు వస్తే నగరంలో అరడజను విభాగాలు కదులుతాయి. ట్రాఫిక్ పోలీసులకు అది దారికి అడ్డం, పారిశుద్ధ్య సిబ్బందికి చెత్త, టౌన్ ప్లానింగ్‌కు ఆక్రమణ, ఆరోగ్య శాఖకు క్షయ రోగులుండే చోటు, స్త్రీ శిశు సంక్షేమ శాఖకు బడికి పోని పిల్లలు. ఎవరి పని వాళ్లు చేసేస్తారు. పొద్దున లారీ వస్తుంది, సాయంత్రానికి చోటు ఖాళీ అవుతుంది, కొన్నాళ్లకు అవే పరదాలు రెండు పిల్లర్ల అవతల లేస్తాయి. ఆ జనం ఎక్కడికి వెళ్లాలన్న ప్రశ్న ఏ విభాగం ఫైల్లోనూ లేదు కాబట్టే ఇలా జరుగుతుంది. ఆ ప్రశ్నకు జవాబుదారీగా ఉండడమే నిరాశ్రయుల సమన్వయకర్త ఉద్యోగం. సోషల్ వర్క్, పబ్లిక్ పాలసీ, ప్రజారోగ్యం చదివేవారిలో చాలామంది దీన్ని సేవాభావానికి సంబంధించిన పనిగానే చూస్తారు. సేవాభావం అక్కర్లేదని కాదు గానీ, ఇందులో జాలి కన్నా జాబితాకే పని ఎక్కువ. ఈ రంగంలోకి రావాలనుకునేవాళ్లు ఆ సంగతి ముందే తెలుసుకుని తయారవడం మంచిది.

ఈ ఉద్యోగానికి స్పష్టమైన రూపం వచ్చింది అమెరికా నగరాల్లో. అక్కడ 2024 జనవరిలో జరిపిన ఒక్క రాత్రి లెక్కలో 7.71 లక్షల మంది నిరాశ్రయులు తేలారు. మనవాళ్లు పెద్ద సంఖ్యలో స్థిరపడ్డ హ్యూస్టన్ కథ ఇందులో ప్రత్యేకంగా చదవదగింది. 2011లో ఆ ప్రాంతంలో ఎనిమిది వేల మందికి పైగా ఇల్లు లేనివారు ఉండేవారు. స్వచ్ఛంద సంస్థలకు కొరత లేదు, కాకపోతే ఎవరి షెల్టర్ వాళ్లది, ఎవరి క్యూ వాళ్లది. మేయర్ అనీస్ పార్కర్ హయాంలో, 2012 నుంచి, ‘ది వే హోమ్’ పేరుతో ఈ సంస్థలన్నిటినీ ఒకే జాబితా కిందికి తెచ్చారు. ఎవరి వంతు ముందు, ఎవరికి ఏ ఫ్లాట్ అన్నది అక్కడే తేలుతుంది. పదేళ్లలో 25 వేల మందికి పైగా ఇళ్లకు చేరారు, నిరాశ్రయుల సంఖ్య 60 శాతం దాకా తగ్గింది. డేరాల స్థలాన్ని మూసే వరుస చూడండి. ముందు ఇంటి యజమానులతో మాట్లాడి ఖాళీ ఫ్లాట్లు పట్టుకుంటారు, తర్వాత డేరాల దగ్గరికి వెళ్లి ఒక్కొక్కరి వివరాలు రాసుకుంటారు, వాళ్లను ఇళ్లలో దించాక ఆఖరున ఆ చోటు మూస్తారు. మన దగ్గర కంచె మొదట వస్తుంది.

హ్యూస్టన్‌లో అద్దెలు తక్కువ, కట్టడాల నిబంధనలు తేలిక, అందుకే సాధ్యమైందని అనేవాళ్లున్నారు. నిజమే, శాన్‌ఫ్రాన్సిస్కోకు ఆ వెసులుబాటు లేదు. పైగా హ్యూస్టన్ చేతిలో బెత్తం కూడా ఉంది. బహిరంగ స్థలాల్లో డేరాలు వేయరాదని 2017లోనే ఆర్డినెన్స్ చేసింది. 2024 జూన్‌లో గ్రాంట్స్ పాస్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు, బయట పడుకున్నవారికి జరిమానాలు వేయడం రాజ్యాంగ విరుద్ధం కాదని 6-3తో తేల్చాక మరికొన్ని నగరాలు ఆ బెత్తాన్నే నమ్ముకున్నాయి. అలా తరిమితే కలిగే ఫలితం మీద, ఆ తీర్పుకు ముందే 2023లో, జామా వైద్య పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. 23 నగరాల్లో, ఇంజెక్షన్ల ద్వారా మత్తుమందు తీసుకునే నిరాశ్రయులను పదేపదే తరిమితే, పదేళ్లలో వారిలో సంభవించే మరణాల్లో 15 నుంచి 25 శాతం దాకా ఆ తరమడం వల్లే కావచ్చని అందులో అంచనా వేశారు. అది కంప్యూటర్ నమూనా మీద వేసిన లెక్కే, అంతకు మించి చెప్పకూడదు. కానీ జరిగేదేమిటో ఊహకు అందనిది కాదు. మందులు పోతాయి, ఆసుపత్రితో లంకె తెగుతుంది, నిన్నటిదాకా పలకరించిన ఆరోగ్య కార్యకర్తకు మనిషి దొరకడు. అద్దెల సంగతి ఎలా ఉన్నా, మనిషి ఆచూకీ పోగొట్టుకోకుండా చూడడం ఏ నగరానికైనా సాధ్యమే.

మన దేశంలో 2011 జనగణన 17.73 లక్షల మందిని ఇల్లు లేనివారిగా లెక్కించింది. వారిలో 9.38 లక్షల మంది పట్టణాల్లోనే ఉన్నారు. ఢిల్లీ చలి మరణాల నేపథ్యంలో 2010లో ఆహార హక్కు కేసులో సుప్రీంకోర్టు, లక్ష పట్టణ జనాభాకు ఒక షెల్టర్ ఉండాలని, అది ఏడాది పొడవునా 24 గంటలూ తెరిచి ఉండాలని చెప్పింది. 2013లో మొదలైన జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్ ఆ కొలతనే తీసుకుని, లక్ష జనాభాకు కనీసం వంద మంది పట్టే షెల్టర్, మనిషికి 50 చదరపు అడుగులు అని రాసుకుంది. తెలుగు రాష్ట్రాల్లో ఈ బాధ్యత పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ మెప్మాది, హైదరాబాద్‌లో కార్పొరేషన్ యూసీడీ (అర్బన్ కమ్యూనిటీ డెవలప్‌మెంట్) విభాగానిది. ఇలా తీర్పు, కొలత, శాఖ అన్నీ ఉన్నా సమన్వయం లేకపోతే ఏమవుతుందో 2017 చివర్లో హైదరాబాద్‌లో కనిపించింది. గ్లోబల్ ఎంటర్‌ప్రెన్యూర్‌షిప్ సమ్మిట్ ముందు భిక్షాటనను రెండు నెలల పాటు నిషేధించి, రోడ్ల మీద ఉన్నవాళ్లను జైళ్ల ఆవరణల్లోని ఆనందాశ్రమాలకు తరలించారు. ఇక అడుక్కోబోమని హామీ తీసుకుని చాలామందిని పంపించేశారు. కాగితం మీద హామీ ఉంది, తిరిగి వెళ్లడానికి చోటు లేదు.

సమన్వయకర్త పని ఇలాంటి తరలింపుకు ముందే, రాత్రి సర్వేతో మొదలవుతుంది. ఫారంలో పేరు, వయసు, ఊరు మామూలే. అసలైన గడులు వేరే ఉంటాయి: ఏ అడ్డాకు పనికి వెళ్తారు, రాత్రి ఎన్నింటికి వస్తారు, పక్కన ఎవరు పడుకుంటారు, ఏ మందులు వాడుతున్నారు, ఆధార్ ఉందా, ఉంటే ఎక్కడ దాచారు. క్షయకు ఆరు నెలల కోర్సులో నాలుగో నెలలో ఉన్న మనిషి సంచీ లారీ ఎక్కిందంటే మాత్రలు డంపింగ్ యార్డుకు పోతాయి. అతని నిక్షయ్ (క్షయ రోగుల నమోదు) నంబరు మీ షీట్‌లో ఉంటే మర్నాడు దగ్గరి కేంద్రంలో మళ్లీ ఇప్పించవచ్చు. ఆధార్ లేని వ్యక్తికి గుర్తింపు పొందిన షెల్టర్ నిర్వాహకులిచ్చే ధ్రువపత్రంతో చిరునామా నమోదు చేయించవచ్చు. తనలో తాను మాట్లాడుకుంటూ తిరిగే మహిళ విషయంలో పోలీసు స్టేషన్‌లో “మా పని కాదు” అంటే, 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని నూరో సెక్షన్ ప్రకారం ఆమెను రక్షణలోకి తీసుకుని 24 గంటల్లో ప్రభుత్వ వైద్యశాలకు చేర్చాల్సింది స్టేషన్ హౌస్ ఆఫీసరే (ఎస్‌హెచ్‌ఓ) అని మర్యాదగానే గుర్తు చేయాలి. గొంతు పెంచకుండా సెక్షన్ చెప్పగలగడం ఈ ఉద్యోగంలో సగం నైపుణ్యం.

“షెల్టర్ చూపించినా రారు, వాళ్లకు రోడ్డే ఇష్టం” అన్నది ఆఫీసుల్లో తరచూ వినిపించే మాట. రానివాళ్లు ఉంటారు, ఒప్పుకోవాల్సిందే. అయితే ఇష్టం సంగతి తర్వాత, ముందు షెల్టర్ పరిస్థితి చూడాలి. ఫంక్షన్ హాల్లో క్యాటరింగ్ పని ముగించుకుని అర్ధరాత్రి దాటాక వచ్చే మనిషికి పది గంటలకే తలుపు మూసే షెల్టర్ దేనికి? తెల్లారి ఆరింటికి అడ్డాలో నిలబడాల్సినవాడు రెండు బస్సులు మారాల్సిన చోట ఎందుకు పడుకుంటాడు? భర్తను ఒక చోట, భార్యాపిల్లలను ఇంకో చోట ఉంచుతామంటే ఏ కుటుంబం ఒప్పుకుంటుంది? “కాదు” అన్నవాళ్ల పేరు పక్కన కారణం రాసుకున్న నగరమే ఈ తప్పులు దిద్దుకోగలదు. వసతి పెడితే ఊళ్ల నుంచి ఇంకా జనం వచ్చి పడతారన్న భయమూ ఉంది. షెల్టర్ మంచం కోసం ఎవరూ పాలమూరు నుంచి రైలెక్కరు, కూలి కోసం ఎక్కుతారు.

ఇక దారి సంగతి. ఎంఎస్‌డబ్ల్యూ (మాస్టర్ ఆఫ్ సోషల్ వర్క్) అన్నిటికన్నా సూటి మార్గం. తెలంగాణ విశ్వవిద్యాలయాలకు సీపీగెట్, ఆంధ్రప్రదేశ్‌లో ఏపీ పీజీసెట్, టిస్ వంటి సంస్థలకు సీయూఈటీ-పీజీ రాయాలి. మెప్మాలోనూ కార్పొరేషన్లలోనూ కమ్యూనిటీ ఆర్గనైజర్, మిషన్ కోఆర్డినేటర్ వంటి హోదాల్లో ఈ పని జరుగుతుంది. షెల్టర్లు నడిపే స్వచ్ఛంద సంస్థల్లో మేనేజర్, కేస్ వర్కర్ ఉద్యోగాలుంటాయి. వీటిలో చాలా భాగం కాంట్రాక్టువే, జీతాలు సాఫ్ట్‌వేర్ జీతాలతో పోల్చదగ్గవి కావు. పథకం పేరు మారితే పోస్టూ కదులుతుంది. ఇంటి బాధ్యతలున్నవాళ్లు ఈ లెక్క వేసుకోకుండా దిగకూడదు. అమెరికాలో చదవాలనుకునేవారికి ఇంకో సంగతి: అక్కడ ఎంఎస్‌డబ్ల్యూ సాధారణంగా స్టెమ్ జాబితాలోకి రాదు, అందువల్ల చదువయ్యాక అక్కడ పని చేసుకునే అనుమతి (ఓపీటీ) ఏడాదికే పరిమితం. అప్పు చేసి వెళ్లేముందు అది తెలిసి ఉండాలి. ఎక్కడ చదివినా ఫీల్డ్ వర్క్‌ను పెద్ద సంస్థ పేరు చూసి ఎంచుకోకండి. రాత్రి సర్వేలు చేసే, కేస్ ఫైళ్లు రాసే షెల్టర్‌ను అడిగి వేయించుకోండి. ఎక్సెల్ షీట్‌లో ఒకే మనిషి రెండు పేర్లతో నమోదైతే ఎలా పట్టుకోవాలో, ఆధార్ నంబర్లు, జబ్బుల వివరాలు ఎవరి కంట పడకూడదో అక్కడే నేర్చుకోవాలి. ఇంటర్వ్యూలో సేవ మీద ప్రసంగం చేసే అభ్యర్థులు ఎటూ ఉంటారు. ఫలానా జంక్షన్‌లో ఇంతమందిని నమోదు చేస్తే ఇంతమంది షెల్టర్‌కు వచ్చారు, మిగతావాళ్లు ఈ కారణాలతో రాలేదు అని ఒక్క పేజీ నివేదిక బల్ల మీద పెట్టగలిగితే, తర్వాతి ప్రశ్నలు దాని మీదే వస్తాయి.