గోంగూర సీసా, క్యూఆర్ కోడ్, ఒక తప్పుడు ‘ఇఫ్’

ఈసారి మన పాఠం ఒక పచ్చడి సీసాతో మొదలవుతుంది.

న్యూజెర్సీలో నా స్నేహితుడూ, అతని భార్యా కిచెన్ అద్దెకు తీసుకుని గోంగూర, ఆవకాయ చేసి ఇండియన్ షాపులకు వేస్తుంటారు. ఒక శనివారం పొద్దున్నే ఫోన్ చేశాడు. “ఒరేయ్, సీసా మీద క్యూఆర్ కోడ్ వేయిద్దాం. స్కాన్ చేయగానే స్టార్లు అడగాలి. నాలుగూ అయిదూ ఇచ్చినవాళ్ళని గూగుల్ రివ్యూ పేజీకి పంపించు. మూడూ, అంతకన్నా తక్కువా ఇస్తే మన మెయిల్‌కి వచ్చేట్టు చెయ్యి. అయిదు ఇచ్చినవాళ్ళకి పది శాతం కూపన్!” అన్నాడు.

మనకి ఇదో పెద్ద పనా? ఒక ఫారం, ఒక ‘ఇఫ్’, రెండు రీడైరెక్ట్‌లు. భోజనాల వేళకి అయిపోయింది. ఆ ‘ఇఫ్’ దగ్గరే తప్పు చేశానని తెలియడానికి రెండు నెలలు పట్టింది.

ఒక బ్యాచ్‌లో మూతలు సరిగ్గా బిగియలేదు. నూనె కారుతోందని అయిదారుగురు ఫారంలో రాశారు. ఆ మెయిల్స్‌ని ఎవరూ తెరిచి చూడలేదు. గూగుల్ పేజీలో మాత్రం అన్నీ నాలుగు, అయిదు స్టార్లే! అవి చూసి ఇంకొందరు అదే బ్యాచ్ సీసాలు కొన్నారు. చివరికి ఒక పెద్దావిడ ఫోన్ చేసి, “నేను రాసింది ఎక్కడా కనపడలేదేం అమ్మా?” అని అడిగారట. స్నేహితుడి భార్య నాకు ఫోన్ చేసి, “అన్నయ్యగారూ, ఆవిడకి ఏం చెప్పమంటారు?” అన్నారు. నా దగ్గర జవాబు లేదు. ఆవిడ మాట దాచిపెట్టింది నా కోడే.

ఆ రాత్రే కూర్చుని, ముందే చదవాల్సినవి చదివాను.

చట్టం ఏమంటుంది?

నేను లాయర్ని కాను. కానీ ప్రోగ్రామర్‌గా మనకి తెలిసి ఉండవలసినంత చెబుతాను. అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2024 ఆగస్టులో రివ్యూల మీద ఒక నియమావళి ప్రకటించింది. అది అదే ఏడాది అక్టోబర్ 21 నుంచి అమల్లోకి వచ్చింది. అందులో మనకి ముఖ్యమైనవి మూడు.

ఒకటి: ఫలానా రకంగా రాస్తేనే ఇస్తామంటూ కూపన్, డబ్బు, బహుమతి ఏదీ ఇవ్వకూడదు. “అయిదు స్టార్లకి పది శాతం” అనేది సరిగ్గా ఇదే.

రెండు: కంపెనీ నడిపేవాళ్ళు తమ సంబంధం చెప్పకుండా రివ్యూ రాయకూడదు. ఉద్యోగుల చేతో, తమ్ముడి చేతో, అక్క చేతో అలా రాయించకూడదు. మనవాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో “అందరూ ఒక్కో రివ్యూ కొట్టండి” అనే ముందు ఇది గుర్తుంచుకోవాలి.

మూడు: సొంత సైటులో చెడ్డ రివ్యూలు తొక్కిపెట్టి, వచ్చినవన్నీ ఇవే అన్నట్టు చూపించకూడదు.

తెలిసి తప్పు చేస్తే, 2025లో సవరించిన లెక్క ప్రకారం ఒక్కో ఉల్లంఘనకి 53,088 డాలర్ల దాకా జరిమానా పడవచ్చు. ఈ నియమావళి రాకముందే, నాలుగు స్టార్ల కన్నా తక్కువ ఇచ్చిన రివ్యూలను సైటులో పెట్టలేదన్న ఆరోపణ మీద ఫ్యాషన్ నోవా అనే బట్టల కంపెనీ 2022లో 42 లక్షల డాలర్లు కట్టడానికి ఒప్పుకుంది.

మరి మా ‘ఇఫ్’ సంగతి? సంతోషంగా ఉన్నవాళ్ళని మాత్రమే ఏరి బయటి సైటుకి పంపడం గురించి పై మూడింటిలో సూటిగా లేదు. అలాగని తప్పించుకున్నట్టు కాదు. కొనేవాళ్ళని మోసపుచ్చడం కింద కమిషన్ దాన్ని పట్టుకోవచ్చు. గూగుల్ నిబంధనలు కూడా దాన్ని ఒప్పుకోవు. పైగా గూగుల్‌లో రివ్యూకి బదులుగా కూపన్ ఇవ్వడమే నిషిద్ధం, మంచి రివ్యూ అయినా చెడ్డదైనా సరే. అమెజాన్ కూడా, తన వైన్ కార్యక్రమం తప్ప, ఇలాంటివాటిని 2016లోనే ఆపేసింది. బ్రిటన్‌లో ఉన్న పాఠకులకు ఒక మాట: అక్కడ దొంగ రివ్యూల మీద నిషేధం 2025 ఏప్రిల్ 6 నుంచి అమల్లో ఉంది.

అందరికీ ఒకే తలుపు

కొత్త డిజైన్‌లో ‘ఇఫ్’ లేదు. ఎవరు స్కాన్ చేసినా ఒకే పేజీ వస్తుంది. అందులో ఒకే సైజులో, పక్కపక్కనే రెండు బటన్లు ఉంటాయి: “రివ్యూ రాయండి”, “సమస్య ఉంటే మాకు చెప్పండి”. ముందుగా స్టార్లు అడగం. పైన ఒక్క వాక్యం: “మంచైనా చెడైనా మీ మాట మాకు కావాలి.” కూపన్ తీసేశాం.

యూఆర్‌ఎల్‌లో బ్యాచ్ నంబర్ తప్ప ఇంకేమీ లేదు. ఏ మూతలు పాడయ్యాయో తెలుసుకోవడానికి అది చాలు. ఎవరు కొన్నారో మనకి అక్కరలేదు. ఫిర్యాదు ఫారంలో ఫోన్ నంబర్ ఇవ్వడం వాళ్ళ ఇష్టం. ఇచ్చినా, దానికి జవాబు చెప్పడానికే వాడాలి. దసరా ఆఫర్ మెసేజ్‌లు పంపాలంటే విడిగా అనుమతి అడగాలి.

ముద్రణలో మెళకువలు

క్యూఆర్ కోడ్‌ని 1994లో జపాన్‌లోని డెన్సో వేవ్ కార్ల విడిభాగాల లెక్క కోసం తయారు చేసింది. ఫ్యాక్టరీ పెట్టె బల్లపరుపుగా ఉంటుంది, పచ్చడి సీసా గుండ్రంగా ఉంటుంది. కోడ్ వెడల్పైతే అంచులు వంపులో పడి కెమెరాకి అందవు. అందుకని గళ్ళు తక్కువ ఉండాలి, అంటే యూఆర్‌ఎల్ పొట్టిగా ఉండాలి.

ఇక్కడ ఒక చిట్కా. అడ్రసు మొత్తం క్యాపిటల్ అక్షరాల్లో రాస్తే ఆల్ఫాన్యూమరిక్ మోడ్ వాడుకోవచ్చు. 25 గళ్ళ వెర్షన్ 2 కోడ్‌లో, ‘ఎం’ స్థాయి దోష సవరణతో, మామూలుగా 26 అక్షరాలు పడితే ఈ మోడ్‌లో 38 పడతాయి. అయితే ప్రశ్న గుర్తు, సమాన గుర్తు ఈ మోడ్‌లో లేవు. కాబట్టి బ్యాచ్ నంబర్‌ని క్వెరీలో కాకుండా పాత్‌లో పెట్టండి. పాత్ క్యాపిటల్స్‌లో వచ్చినా సర్వర్ గుర్తుపట్టేట్టు చూసుకోండి.

కోడ్ చుట్టూ నాలుగు గళ్ళంత తెల్లజాగా వదలాలి. లేబుల్ డిజైనర్లు మొదట ఆక్రమించేది అదే! ‘ఎం’ స్థాయిలో సుమారు 15 శాతం చెడినా కోడ్ చదవబడుతుంది. నూనె చేతులతో పట్టుకునే సీసాకి ఇది అవసరం. కోడ్ కింద అడ్రసు మామూలు అక్షరాల్లో కూడా వేయండి. దొంగ స్టిక్కర్లు అంటించే ఈ రోజుల్లో, ఎక్కడికి వెళ్తున్నామో జనానికి తెలియాలి.

అన్నిటికన్నా ముఖ్యం: కోడ్‌లో మీ సొంత డొమైన్ పెట్టి, అక్కడి నుంచి 302 రీడైరెక్ట్ ఇవ్వండి. 301 ఇస్తే బ్రౌజర్ దాన్ని గుర్తుపెట్టుకుని, మీరు మార్చినా పాతచోటికే పోవచ్చు. నేను చేసిన ఒకే ఒక మంచి పని ఇదే. షాపుల్లో ఉన్న సీసాల లేబుళ్ళు మార్చకుండానే అన్నీ కొత్త పేజీకి వచ్చాయి.

తలుపు తెరిచిన వారంలోనే గూగుల్ పేజీలో రెండు స్టార్ల రివ్యూలు మూడు పడ్డాయి. స్నేహితుడు రెండు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. తర్వాత ఒక్కోదాని కిందా తన పేరుతో జవాబు రాశాడు, ఆ బ్యాచ్ సీసాలు వెనక్కి తీసుకున్నాడు, మూతలు మార్చాడు.

నెల తర్వాత ఆ పెద్దావిడ తనంత తానే నాలుగు స్టార్లు ఇచ్చి రాశారు: “ఇప్పుడు నూనె కారడం లేదు. గోంగూర బాగుంది. ఉప్పు మాత్రం కొంచెం ఎక్కువే.”

ఇప్పుడు ఉప్పు తగ్గించారు.